సొలొమోను మందిరం ముందు రెండు స్తంభాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యాకీను, బోయజు. దావీదు కొడుకు సొలొమోను రాజు కట్టించిన యెరూషలేము మందిరం వాకిట్లో నిలబెట్టిన రెండు కంచు స్తంభాల పేర్లివి. బైబిలు తరగతుల్లో వీటి మాట రాగానే చేతులు లేస్తాయి. ఎక్కువగా వచ్చే ప్రశ్నలు తీసుకుని గ్రంథంలో ఏముందో, తవ్వకాల్లో ఏం బయటపడిందో, పండితుల వాదనల్లో ఏది నిలుస్తుందో ఇక్కడ రాశాను.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. ఈ స్తంభాల అర్థం ఇదీ అని బైబిలు ఎక్కడా చెప్పదు. కొలతలు ఇస్తుంది, దానిమ్మపండ్లు లెక్కపెడుతుంది, పేర్లు చెబుతుంది, అక్కడితో ఆపేస్తుంది. కాబట్టి కింద వచ్చే అర్థాలన్నీ ఊహలే. అయితే అన్నిటికీ ఒకే బలం లేదు.

ఈ స్తంభాల గురించి బైబిలులో ఎక్కడ ఉంది?

ముఖ్యంగా 1 రాజులు 7వ అధ్యాయంలో. తూరు అనే ఫెనీకే తీర నగరం నుంచి వచ్చిన హీరాము అనే పనివాడు వీటిని పోతపోశాడు. తూరు రాజు పేరు కూడా హీరామే కాబట్టి చాలామంది ఇద్దరినీ ఒకరే అనుకుంటారు. ఈ పనివాడి తండ్రి తూరువాడు, తల్లి ఇశ్రాయేలు విధవరాలు. పోత పని యెరూషలేములో జరగలేదు. యొర్దాను లోయలో, సుక్కోతుకూ సారెతానుకూ మధ్య ఉన్న బంకమట్టి నేలలో జరిగింది.

ఒక్కో స్తంభం 18 మూరల ఎత్తు, 12 మూరల చుట్టుకొలత. దాని మీద 5 మూరల పీట, అంటే స్తంభం తల. పీట చుట్టూ గొలుసుల అల్లిక, రెండు వరసల దానిమ్మపండ్లు, పైన కలువపూల పని. కుడివైపుది, అంటే దక్షిణపుది యాకీను. ఎడమవైపుది, అంటే ఉత్తరపుది బోయజు. తూర్పుకి తిరిగి నిలబడి దిక్కులు చెప్పుకోవడం అక్కడి అలవాటు.

2 దినవృత్తాంతములు 3, 4 అధ్యాయాల్లో, 2 రాజులు 25లో, యిర్మీయా 52లో ఇవి మళ్లీ కనిపిస్తాయి. స్తంభాలు లోపల గుల్లగా ఉండేవని, లోహం మందం నాలుగు వేళ్లని చెప్పేది యిర్మీయా 52. తెలుగు బైబిలులో ఇత్తడి అని ఉంటుంది కానీ ఆ కాలపు లోహం రాగి, తగరం కలిసిన కంచు.

మూరను 45 సెంటీమీటర్లుగా తీసుకుంటే స్తంభం 8 మీటర్లు, పీటతో కలిపి 10 మీటర్లు దాటుతుంది. నాలుగు వేళ్ల మందాన్ని ఏడున్నర సెంటీమీటర్లు అనుకుని లెక్కవేస్తే, పీట కాకుండానే ఒక్కో స్తంభం 25 టన్నుల పైమాటే. ఇంత కంచును లోయలో పోతపోసి, కొండ మీదున్న యెరూషలేముకి ఎక్కించి నిలబెట్టారంటే, చూసేవాళ్ల కళ్లల్లో పడాలనే చేశారని అర్థమవుతుంది.

ఒకచోట 18 మూరలు, ఇంకోచోట 35 మూరలు. ఏది నిజం?

1 రాజులు, 2 రాజులు, యిర్మీయా మూడూ 18 అంటాయి. 2 దినవృత్తాంతములు 3:15 మాత్రం 35 అంటుంది. రెండు స్తంభాల పొడవూ కలిపి చెప్పారని, ఒక్కోటి పదిహేడున్నర మూరలని కొందరు సర్దుతారు. పాత ప్రతులు రాసుకునేటప్పుడు అంకె మారిపోయిందని ఇంకొందరు అంటారు. మందిరం ఎత్తే 30 మూరలు కాబట్టి దాని ముందు 35 మూరల స్తంభాలు, వాటి మీద ఇంకా పీటలు అంటే నమ్మడం కష్టం. నాకు 18 సబబుగా కనిపిస్తుంది.

పీట ఎత్తులోనూ తేడా ఉంది. 1 రాజులు 5 మూరలు అంటే, 2 రాజులు 25:17 మూడు మూరలు అంటుంది. ఈ అంకెల మీద గూఢార్థాలు కట్టేవాళ్లు ఈ తేడాల దగ్గర కాస్త ఆగాలి. 18కి ఏదో రహస్యం ఉందని చెప్పినవాళ్లు 35 దగ్గర ఏం చెబుతారు?

ఇవి పైకప్పును మోశాయా, లేక ఊరికే నిలబడ్డాయా?

అర్థాల గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. 1 రాజులు 7:21 మంటపం దగ్గర నిలబెట్టారంటుంది. 2 దినవృత్తాంతములు మందిరం ముందు నిలబెట్టారంటుంది. వాటి మీద దూలం ఉందని గాని, కప్పు ఆనిందని గాని ఎక్కడా లేదు. దానికి తోడు, వీటి వర్ణన మందిర నిర్మాణం గురించి చెప్పే 6వ అధ్యాయంలో రాలేదు. 7వ అధ్యాయంలో, కంచు సముద్రపు తొట్టి, స్తంభాల మీది గొలుసులు, చక్రాల మట్లు (తొట్లు పెట్టే పీఠాలు), ఇలాంటి లోహపు సామాను జాబితాలో వచ్చింది. రాసినవాళ్లు వీటిని గోడలు, తలుపుల వరసలో పెట్టలేదన్నమాట.

బరువు మోసే స్తంభాల గురించి బైబిలు ఎలా మాట్లాడుతుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. అదే 7వ అధ్యాయం మొదట్లో లెబానోను అరణ్యపు నగరు అనే రాజభవనం ఉంది. వరసలు వరసలుగా దేవదారు స్తంభాలు, వాటి మీద దూలాలు. ఏ ఒక్క స్తంభానికీ పేరు లేదు. పేరు పెట్టించుకున్నవి ఈ రెండే.

తవ్వకాల్లో దొరికిన పొరుగు ఆలయాల్లో మాత్రం మంటపంలోని రెండు స్తంభాలు చాలాసార్లు కప్పునే మోశాయి. అందుకని కప్పు మోసే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. గ్రంథం మాటల్ని బట్టి చూస్తే విడిగా నిలబడినవే అనిపిస్తుంది, ఎక్కువమంది మొగ్గూ అటే.

యాకీను, బోయజు అంటే ఏమిటి?

యాకీను అంటే "ఆయన స్థిరపరుస్తాడు". ఇందులో పెద్ద తగువు లేదు. బోయజు దగ్గరే చిక్కు. "అతనిలో బలం" అని ఒక అర్థం, "బలంతో" అని ఇంకో అర్థం. క్రీస్తుకు ముందే తయారైన గ్రీకు అనువాదం దినవృత్తాంతములలో ఈ పేర్లను పేర్లుగా ఉంచకుండా అర్థాలుగా మార్చేసింది, రెండో దానికి "బలం" అనే రాసింది. అంటే ఆ రోజుల్లోనే వీటిని అర్థమున్న మాటలుగా చదివారు.

1939లో ఆర్.బి.వై. స్కాట్ అనే పండితుడు ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. ఇవి నిజానికి పేర్లు కావని, స్తంభాల మీద చెక్కిన రెండు వాక్యాల మొదటి మాటలని. "యెహోవా దావీదు సింహాసనాన్ని స్థిరపరుస్తాడు" లాంటిది ఒక దాని మీద, "యెహోవా బలంతో రాజు సంతోషిస్తాడు" లాంటిది ఇంకోదాని మీద. పుస్తకాలను మొదటి మాటతో పిలవడం హీబ్రూ సంప్రదాయంలో ఉన్నదే. 2 సమూయేలు 7లో నాతాను ప్రవక్త దావీదుకి చెప్పిన వాగ్దానంలో "స్థిరపరచడం" అనే మాట పదే పదే వస్తుంది. 21వ కీర్తన "యెహోవా, రాజు నీ బలాన్ని బట్టి సంతోషిస్తాడు" అనే భావంతోనే మొదలవుతుంది.

స్తంభాల మీద ఏదైనా రాసి ఉందని బైబిలు చెప్పదు, అది ఈ వాదనలోని లోటు. అయినా మిగతా సాక్ష్యాలతో కలిపి చూసినప్పుడు అతికినట్టు సరిపోతుంది కాబట్టి నేను దీన్ని పక్కన పెట్టలేను.

బోయజు అంటే రూతు భర్త కదా? ఆయన పేరే పెట్టారా?

రూతు భర్త బోయజు దావీదుకి ముత్తాత. యాకీను పేరు షిమ్యోను కొడుకుల్లో ఉంది, యాజకుల వంతుల జాబితాలోనూ ఉంది. దీన్నిబట్టి ఒక స్తంభం రాజవంశానికి, ఒకటి యాజకులకు గుర్తు అని కొందరు చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ పూర్వీకుల జ్ఞాపకార్థం అని గ్రంథం అనలేదు, యాకీను అంత పేరున్న మనిషీ కాదు.

రాజుకూ ఈ స్తంభాలకూ ఏమిటి సంబంధం?

స్తంభాలను ఎవరు, ఎందుకు వాడారో చెప్పే వచనాలు బైబిలులో కొద్దిగానే ఉన్నాయి. అవన్నీ రాజు దగ్గరికే తీసుకెళ్తాయి.

రాజమాత అతల్యా యూదా సింహాసనం ఆక్రమించుకున్నప్పుడు, ఏడేళ్ల రాజకుమారుడు యోవాషును దాచి పెంచిన యాజకుడు ఒకరోజు అతన్ని బయటికి తెచ్చి కిరీటం పెట్టాడు. కేకలు విని అతల్యా వచ్చి చూసేసరికి పిల్లవాడు స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. 2 రాజులు 11:14 దానికి "అలవాటు ప్రకారం" అని కలుపుతుంది. అంటే రాజు నిలబడే చోటు అదే. ఇదే కథలో 2 దినవృత్తాంతములు ఇంకో అడుగు ముందుకేసి "అతని స్తంభం" అంటుంది, అదీ ప్రవేశం దగ్గరే. రెండు వందల ఏళ్ల తర్వాత యోషీయా రాజు ధర్మశాస్త్ర గ్రంథం చదివించి జనంతో నిబంధన చేసినప్పుడు కూడా స్తంభం దగ్గరే నిలబడ్డాడు (2 రాజులు 23:3).

అంతకన్నా పాత ఉదాహరణ న్యాయాధిపతులు 9:6లో ఉంది. షెకెములో అబీమెలెకును రాజును చేసింది కూడా స్తంభం దగ్గరి సింధూర వృక్షం కింద. అది రాతి స్తంభం, వేరే ఊరు, వేరే కాలం. కానీ స్తంభం పక్కన పట్టాభిషేకం అనే ఆచారం సొలొమోనుతో పుట్టలేదని తెలుస్తుంది.

"ఆయన స్థిరపరుస్తాడు", "బలంతో" అనే పేర్లున్న కంచు స్తంభం పక్కన ఏడేళ్ల పిల్లవాడు కిరీటంతో నిలబడ్డాడంటే, ఇక వేరే ప్రకటన అక్కర్లేదు. నా దృష్టిలో ఈ స్తంభాలకు అన్నిటికన్నా గట్టి అర్థం ఇదే: దావీదు వంశానికి దేవుడిచ్చిన మాట నిలబడి ఉందని వాకిట్లోనే చూపించే గుర్తు. 1 దినవృత్తాంతములు 18:8 ఇంకో సంగతి చెబుతుంది. సొలొమోను స్తంభాలకు వాడిన కంచు దావీదు సోబా రాజు హదదెజరు పట్టణాల నుంచి గెలిచి తెచ్చినది. గెలిచిన యుద్ధం కూడా ఆ లోహంలో ఉందన్నమాట.

మరి దేవుడికి సంబంధించిన అర్థం లేదా?

ఉంది, పైదానితో దీనికి పేచీ కూడా లేదు. కరోల్ మేయర్స్ అనే పండితురాలు 1983లో చేసిన వాదన దీనికి బాగా ఉపయోగపడుతుంది. సామాన్య జనం మందిరం లోపలికి వెళ్లేవాళ్లు కాదు. లోపలి బంగారం, కెరూబులు (రెక్కలున్న కాపలా రూపాలు) యాజకులకే కనిపించేవి. బయట ఆవరణలో ఉన్నవాళ్లకు, పొరుగు రాజ్యాల నుంచి వచ్చిన రాయబారులకు కనిపించేవి ఈ రెండు స్తంభాలే. దేవుడు ఈ ఇంట్లోకి ప్రవేశించాడు, ఇక్కడ కాపురమున్నాడు, ఆయన నిలబెట్టిన రాజే ఈ నగరాన్ని ఏలుతున్నాడు అని ఆ వాకిలి చెబుతుంది. అప్పట్లో దేవుడి ఇల్లు, రాజు ఇల్లు పక్కపక్కనే కట్టుకున్నారు కాబట్టి ఈ రెండు సంగతులూ కలిసే ఉండేవి.

ఈ "ప్రవేశం" మాటకు సిరియాలో ఒక ఆశ్చర్యకరమైన సాక్ష్యం ఉంది. అలెప్పోకి వాయవ్యంగా ఐన్ దారా అనే చోట ఒక ఆలయం బయటపడింది. దాదాపు క్రీ.పూ. 1300 నుంచి 740 వరకు వాడకంలో ఉంది. మంటపం, పెద్ద గది, గర్భగుడి వరస సొలొమోను మందిరం వర్ణనకు బాగా దగ్గర. మంటపంలో రెండు స్తంభాల పీఠాలున్నాయి. వాటి మధ్యగా లోపలికి వెళ్లే గడపల రాళ్ల మీద దాదాపు మీటరు పొడవున్న పాదముద్రలు చెక్కారు. మొదటి గడప మీద రెండు పాదాలూ పక్కపక్కన, తర్వాత ఒక్కొక్కటిగా లోపలికి. దేవుడో దేవతో నడిచి లోపలికి వెళ్లినట్టు. బయటికి వచ్చే అడుగులు లేవు. 2018 జనవరిలో జరిగిన వైమానిక దాడిలో ఈ ఆలయం బాగా దెబ్బతింది.

పొరుగు దేశాల ఆలయాల్లోనూ ఇలా రెండు స్తంభాలు ఉండేవా?

ఉండేవి, చాలాచోట్ల. టర్కీ దక్షిణ కొసన టెల్ తాయినాత్‌లో 1936లో తవ్విన ఆలయం మంటపంలో రెండు స్తంభాలు, వాటిలో ఒకదాని పీఠం జంట సింహాల ఆకారం. హాసోరులో ఇంకా పాత కనాను ఆలయంలో ప్రవేశం దగ్గర రెండు స్తంభాల పీఠాలు. సైప్రస్‌లోని ఇడాలియన్‌లో దొరికిన మట్టి గుడి బొమ్మలో తలుపుకి అటూ ఇటూ రెండు స్తంభాలు, పైన పూల ఆకారం తలలు. యూదాలో ఖిర్బెత్ ఖెయాఫాలో 2011లో దొరికిన మట్టి బొమ్మలో కూడా వాకిలికి రెండు స్తంభాలు, కింద సింహాలు ఉన్నాయి.

అన్నిటికన్నా దగ్గరి చుట్టం తూరు. పనివాడు హీరాము ఊరు అదే. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అక్కడి మెల్కార్త్ అనే దేవుడి ఆలయం చూశాడు. అందులో రెండు స్తంభాలు ఉండేవని, ఒకటి మేలిమి బంగారమని, రెండోది రాత్రిపూట మెరిసే పచ్చరాయని రాశాడు. పచ్చరాయి సంగతి ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. జంట స్తంభాల అలవాటు మాత్రం తూరు వాళ్లకు బాగా ఉందని తేలుతుంది.

ఇదే సంప్రదాయంలో స్పెయిన్ తీరాన గాదెస్ నగరంలోని ఆలయంలో ఎనిమిది మూరల కంచు స్తంభాలు ఉండేవని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. వాటి మీద ఏం చెక్కారంటే, ఆలయం కట్టడానికి ఎంత ఖర్చయిందో ఆ లెక్క! ప్రతి స్తంభంలోనూ విశ్వరహస్యం వెతికేటప్పుడు ఈ గాదెస్ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

దానిమ్మపండ్లు, కలువపూలు ఎందుకు? ఇవి చెట్లకు గుర్తా?

రాజు, ప్రవేశం అనే అర్థాల తర్వాత నాకు బలంగా కనిపించేది ఇది. నిలువెత్తు కాండం, పైన పువ్వు, పువ్వు చుట్టూ పండ్లు. చూడగానే చెట్టే. అందులోనూ ఒక్కో స్తంభానికి రెండు వందల పండ్లు, వేలాడే వరసల్లో. దానిమ్మ గింజల నిండుతనం వల్ల ఆ ప్రాంతమంతటా సంతానానికి, సమృద్ధికి గుర్తు. ద్వితీయోపదేశకాండము 8:8లో వాగ్దాన దేశపు పంటల్లో దానిమ్మ ఉంది. ప్రధాన యాజకుడి నిలువుటంగీ అంచున కూడా బంగారు గంటల మధ్య దానిమ్మపండ్ల ఆకారాలు ఉండేవి. కలువ, తామర లాంటి పువ్వు తలలు ఐగుప్తు స్తంభాల మీద వందల ఏళ్లుగా ఉన్నవే, ఫెనీకే పనివాళ్ల చేతుల మీదుగా ఇటు వచ్చాయి.

మందిరం లోపల చూడండి. గోడల నిండా ఖర్జూర చెట్లు, విరిసిన పువ్వులు, కెరూబులు చెక్కారు. కెరూబులు కాపలా కాసే తోట అనగానే ఆదాము, హవ్వల ఏదెను గుర్తొస్తుంది. ఏదెను ద్వారం తూర్పున, మందిరం వాకిలి కూడా తూర్పున. ఆ తోట ప్రవేశం దగ్గర రెండు కంచు చెట్లు నిలబెట్టారన్న వ్యాఖ్యానం గోడల మీది చెక్కడాలతో చక్కగా కలుస్తుంది. మంచి చెడ్డల తెలివినిచ్చే వృక్షం ఒకటి, జీవవృక్షం ఒకటి అని రెండు చెట్లనూ రెండు స్తంభాలకు పంచేసేవాళ్లు కూడా ఉన్నారు. అంత దూరం వెళ్లడానికి ఆధారం లేదు. తినొద్దన్న చెట్టును దేవుడి వాకిట్లో ఎందుకు నిలబెడతారు?

ఆకాశాన్ని, భూమిని మోసే స్తంభాలకు గుర్తు అంటారు. నిజమేనా?

ఆ ఊహ ఇశ్రాయేలీయుల్లో ఉంది. యోబు 26:11లో ఆకాశ స్తంభాలు వణుకుతాయి. సమూయేలు తల్లి హన్నా ప్రార్థనలో భూమి స్తంభాలు యెహోవావి. 75వ కీర్తనలో భూమి కరిగిపోతుంటే దాని స్తంభాలను నిలబెట్టేది దేవుడే. మందిరం ఒక చిన్న సృష్టి అని, అందులో స్తంభాలు లోకాన్ని నిలబెట్టేవని చెప్పడం అసాధ్యం కాదు. "స్థిరపరుస్తాడు" అనే పేరుకు కూడా ఇది సరిపోతుంది. కానీ ఏ వచనమూ ఈ కంచు స్తంభాలను ఆ స్తంభాలతో ముడిపెట్టలేదు. ఆనాటి భక్తుడికి అలా తోచి ఉండొచ్చు, అంతవరకే.

మేఘస్తంభం, అగ్నిస్తంభం?

ప్రసంగాల్లో బాగా వినిపించే అర్థం. అరణ్యంలో పగలు మేఘం, రాత్రి అగ్ని జనానికి దారి చూపాయి, ఆ రెండే ఇక్కడ కంచులో నిలబడ్డాయని. మందిర ప్రతిష్ఠ రోజున మేఘం వచ్చి నిండిందని 1 రాజులు 8లో ఉంది కాబట్టి ఆలోచన పూర్తిగా గాలిలోది కాదు.

దీనికి చుట్టమైన ఇంకో వాదన, స్తంభాల తలల మీద గిన్నెలు ఉండేవని, వాటిలో నూనె లేదా కొవ్వు మండించేవారని. 19వ శతాబ్దంలో రాబర్ట్‌సన్ స్మిత్, తర్వాత ఆల్‌బ్రైట్ అనే పండితులు ఇటు మొగ్గారు. 1 రాజులు 7:41లో పీటల మీది గిన్నెల లాంటి భాగాల ప్రస్తావనే దీనికి ఆధారం. కానీ ఇన్ని వివరాలిచ్చిన గ్రంథం నిప్పు గురించి ఒక్క మాట అనలేదు. పది మీటర్ల ఎత్తున రోజూ నూనె పోసేది ఎవరు, ఎలా ఎక్కేది? నాకు ఇది నమ్మబుద్ధి కాదు.

స్తంభాలు నిలబెట్టవద్దని ధర్మశాస్త్రం చెప్పింది కదా. మరి సొలొమోను ఎలా నిలబెట్టాడు?

ద్వితీయోపదేశకాండము 16:22 నిషేధించింది నిలువు రాళ్లను, అంటే పూజ కోసం పాతిన రాతి స్తంభాలను. హీబ్రూలో ఈ రెంటికీ వేరువేరు మాటలున్నాయి, తెలుగులోకి వచ్చేసరికి రెండూ స్తంభమే అవడం వల్ల గందరగోళం.

నిలువు రాళ్ల కథ కూడా ఏకరీతిగా లేదు. బేతేలులో తలకింద పెట్టుకున్న రాయిని నిలబెట్టి నూనె పోసింది యాకోబే. సీనాయి కొండ కింద మోషే పన్నెండు గోత్రాలకు పన్నెండు స్తంభాలు నిలబెట్టాడు. తర్వాతి కాలంలో హిజ్కియా, యోషీయా అలాంటివాటిని పగలగొట్టించారు. ఒకప్పుడు ఫర్వాలేదనుకున్న గుర్తు, బయలు అనే కనాను దేవుడి పూజతో కలిసిపోయాక పనికిరానిదైంది.

యూదా దక్షిణ సరిహద్దు కోట టెల్ అరాద్‌లో ఇది కళ్లకు కడుతుంది. 1960లలో యోహనాన్ అహరోని అనే పురావస్తు పండితుడు తవ్వినప్పుడు అక్కడ యెహోవాను కొలిచిన చిన్న గుడి దొరికింది. అతి పరిశుద్ధ స్థలంలో నిలువు రాయి, గడప దగ్గర రెండు ధూపపీఠాలు. పీఠాల మీద మిగిలిన మసిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు: ఒకదాని మీద సాంబ్రాణి, ఇంకోదాని మీద గంజాయి! ఆ గుడి పెద్దగది వాకిలి పక్కన రెండు రాతి పలకలు కూడా ఉన్నాయి. అవి యాకీను, బోయజు లాంటి స్తంభాల పీఠాలని అహరోని అన్నాడు. రాజధానికి దూరంగా ఒక కోటలో, రాజు సైనికులు వాడిన చిన్న గుడిలో కూడా వాకిలికి జంట అవసరమనుకున్నారన్నమాట. అక్కడ లోపలి రాయి దేవుడి సన్నిధికి గుర్తు, బయటి జంట ప్రవేశానికి గుర్తు. రెంటి పనీ వేరు.

ఇవి లింగ చిహ్నాలా?

జంటగా, పేర్లతో, దానిమ్మపండ్లతో ఉన్నవాటికి ఆ అర్థం బిగించడం తేలిక కాదు. ఒక కాలంలో పాశ్చాత్య రచయితలు నిలువుగా కనిపించిన ప్రతిదాన్నీ అలాగే చదివారు.

మన ధ్వజస్తంభం లాంటివేనా?

గర్భగుడికి ఎదురుగా, లోహపు తొడుగుతో, ఊరంతటికీ కనిపించేలా నిలబడటం వరకు పోలిక తడుతుంది. చారిత్రక సంబంధం ఏమీ లేదు. ధ్వజస్తంభం ఒక్కటే, దానికి పూజ ఉంది. ఇవి జంట, వీటికి పూజ జరిగినట్టు ఎక్కడా లేదు.

మోషే గుడారంలోని స్తంభాలకు కూడా ఇవే అర్థాలా?

గుడారపు స్తంభాలు తెరలు వేలాడదీసేవి. వాటికి పేర్లు లేవు. అయితే ఒక వరస ఉంది. లోపలి తెరకు నాలుగు తుమ్మకర్ర స్తంభాలు, బంగారు రేకు, వెండి దిమ్మలు. ప్రవేశపు తెరకు అయిదు స్తంభాలు, బంగారు రేకే కానీ దిమ్మలు ఇత్తడి. బయటి ఆవరణ స్తంభాలకూ అవే దిమ్మలు. లోపలికి వెళ్లేకొద్దీ లోహం విలువ పెరుగుతుంది. యాకీను, బోయజు కంచువి కావడానికీ ఇదే లెక్క కావచ్చు, అవి బయటి అంచున ఉన్నాయి.

సంసోను పడగొట్టిన స్తంభాలు?

అవి గాజాలోని ఫిలిష్తీయుల దాగోను గుడివి, కప్పును మోసే మధ్య స్తంభాలు. తెల్ అవీవ్‌లోని టెల్ ఖసిలేలో తవ్విన ఫిలిష్తీయుల ఆలయంలో హాలు మధ్యన రెండు చెక్క స్తంభాలకు గుండ్రని రాతి పీఠాలు దొరికాయి. కథలోని లాంటి ఏర్పాటు ఫిలిష్తీయుల గుళ్లలో ఉండేదని అవి చూపించాయి.

ఫ్రీమేసన్లకు వీటితో ఏం సంబంధం?

ఫ్రీమేసన్లంటే ఒక రహస్య సోదర సంఘం. 18వ శతాబ్దం నుంచి వాళ్లు కలుసుకునే లాడ్జీల్లో ఈ రెండు స్తంభాలు ముఖ్యమైన గుర్తులు, తరచుగా తలల మీద గోళాలతో. జోస్యానికి వాడే కొన్ని టారో కార్డుల్లో బి, జె అక్షరాలున్న నల్ల, తెల్ల స్తంభాలూ ఇవే. వాళ్లకన్నా ముందే జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ కేథడ్రల్‌లో ఈ పేర్లు చెక్కిన మధ్యయుగపు స్తంభాలు ఉన్నాయి. స్త్రీ పురుషులు, వెలుగు చీకటి, న్యాయం కరుణ అంటూ యూట్యూబ్‌లో తిరిగే జంట అర్థాలు చాలావరకు ఈ తర్వాతి కాలం పంట. వాటి చరిత్ర వాటికుంది, సొలొమోను కాలం మీద రుద్దకపోతే చాలు.

చివరికి ఈ స్తంభాలు ఏమయ్యాయి?

క్రీ.పూ. 587 లేదా 586లో బబులోను సైన్యం మందిరాన్ని తగలబెట్టింది. స్తంభాలను ముక్కలు చేసి కంచు మోసుకుపోయారు. 2 రాజులు 25, యిర్మీయా 52 రెండూ ఈ చోట ఆగి, స్తంభాల ఎత్తు, పీట, దానిమ్మపండ్లు మళ్లీ వివరంగా చెబుతాయి. ఊరు కాలిపోయి రాజు కళ్లు పోగొట్టుకున్న కథలో దానిమ్మపండ్ల లెక్క ఎందుకనిపిస్తుంది. "స్థిరపరుస్తాడు" అనే పేరున్న స్తంభం విరగడం వాళ్లకు ఎంత పెద్ద విషయమో ఆ వివరాలే చెబుతాయి. దావీదు వంశమూ అప్పుడే సింహాసనం నుంచి దిగింది.

బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలోని మందిరంలో ప్రవేశం దగ్గర అటూ ఇటూ స్తంభాలు ఉన్నాయి (40:49), పేర్లు లేవు. చెర నుంచి తిరిగొచ్చి కట్టిన రెండో మందిరంలో ఇలాంటి జంట మాట వినిపించదు. అప్పటికి రాజు లేడు. స్తంభాలు రాజు కోసమే అన్న వాదనకు ఇది కూడా కొంత బలం.

కొత్త నిబంధనలో వీటి ప్రస్తావన ఉందా?

పేర్లతో లేదు. ప్రకటన 3:12లో ఫిలదెల్ఫియ సంఘంతో, జయించినవాణ్ని దేవుని ఆలయంలో స్తంభంగా చేస్తానని, అతని మీద దేవుని పేరు రాస్తానని ఉంది. పేరున్న స్తంభం అనగానే యాకీను, బోయజు గుర్తురావడం సహజం. క్రీ.శ. 17లో పెద్ద భూకంపం చూసిన ఊరు అది, కదలని స్తంభం మాట వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తవ్వకాల్లో ఈ స్తంభాల ముక్క ఏదైనా దొరికిందా? ఎక్కడైనా చూడొచ్చా?

దొరకలేదు. మందిరం ఉన్న కొండ మీద పురావస్తు తవ్వకాలు జరగలేదు, కంచు బబులోనులో ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. సొలొమోను మందిరానిదే అన్న పేరుతో దంతపు దానిమ్మ బొమ్మ ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ఇజ్రాయెల్ మ్యూజియం దాన్ని 1988లో పెద్ద మొత్తం పెట్టి కొంది. 2004లో పరీక్షించి, బొమ్మ పాతదే కానీ దాని మీద మందిరం పేరున్న రాత కొత్తగా చెక్కిందని ప్రకటించారు.

పవిత్ర భూమి యాత్రకు వెళ్లేవాళ్లు యెరూషలేములోని అదే మ్యూజియంలో అరాద్ గుడి అతి పరిశుద్ధ స్థలాన్ని, ధూపపీఠాలతో సహా చూడొచ్చు. టూర్ ప్యాకేజీల్లో మ్యూజియం తరచుగా ఉండదు, ముందే అడిగి పెట్టించుకోండి. ఇడాలియన్ మట్టి గుడి పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. ఇవేవీ వీలు కాకపోతే ఇజ్రాయెల్ అయిదు షెకెళ్ల నాణెం చూడండి. దాని మీద ఉన్నది ఇశ్రాయేలు, యూదా రాజుల కాలపు స్తంభం తల. అయితే అలాంటి తలలు మెగిద్దో, సమరయ, రామత్ రాహేల్ లాంటి చోట్ల రాజభవనాలకు, ప్రభుత్వ కట్టడాలకు వాడినవి, అవి రాతివి. నాణెం చూపించి ఇదే యాకీను అని గైడు అంటే నమ్మకండి.